ఆడుమళయాళం దాకా వెళ్లొచ్చిన తెలుగు మాస్టారు

కందుకూరి వీరేశలింగం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది సోషల్ టెక్స్ట్‌బుక్‌లో ఒక పేరా, పక్కన ఒక పాతకాలపు ఫొటో, పాఠం చివర ఒక రెండు మార్కుల ప్రశ్న. వితంతు వివాహాలు, స్త్రీ విద్య, వివేకవర్ధని పత్రిక. ఈ మూడు ముక్కలు రాస్తే మార్కులు పడిపోతాయి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాలాంటి వాళ్లకైతే ఆ పేరును ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో గుర్తుపెట్టుకోవడమే ఒక పని.

ఆ పేరాలో లేని సంగతి ఒకటుంది. తెలుగులో ఫాంటసీ నవల అని చెప్పుకోదగ్గ మొదటి పుస్తకాల్లో ఒకటి రాసింది ఈయనే. దాని పేరు సత్యరాజా పూర్వదేశ యాత్రలు. 1891, 1894 మధ్య వచ్చింది. మన హాస్టల్లో సగం మంది లాప్‌టాప్‌ల మీద స్టిక్కర్లుగా అంటించుకునే లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ పుట్టిందే 1892లో. అంటే ఆయన ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఇక్కడ రాజమండ్రిలో ఒక తెలుగు మాస్టారు ఆడవాళ్లు ఏలే రాజ్యాన్నీ, రాక్షసులంత మనుషులుండే ద్వీపాన్నీ కాగితం మీద కడుతున్నారన్నమాట.

ఈయన గురించి ఇప్పుడెందుకు అంటే, మన క్లబ్ మీటింగుల్లో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. రాయాలని ఉంది, అదీ ఫాంటసీ రాయాలని ఉంది. కానీ ముందు ప్లేస్‌మెంట్, తర్వాత ఆఫీసు, ఆ తర్వాత పెళ్లి, ఇల్లు, పిల్లలు. వీటన్నిటి మధ్య నవల రాయడానికి టైం ఎక్కడుంటుంది? యూట్యూబ్‌లో దీనికి బోలెడు సమాధానాలున్నాయి. పొద్దున్నే నాలుగున్నరకి లేవండి, రోజుకి ఐదొందల పదాలు రాయండి, ఫోన్ పక్కన పడేయండి. మంచి సలహాలే. కానీ ఉద్యోగం, ఇల్లు, పత్రిక, ప్రెస్సు, ఊరంతటితో గొడవ, అన్నీ నెత్తిన పెట్టుకుని నూరుకు పైగా పుస్తకాలు రాసిన మనిషి మన తెలుగులోనే ఉన్నప్పుడు, ఆయన ఎలా నెట్టుకొచ్చారో చూడటం మేలు కదా.

1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్లప్పుడు తండ్రి సుబ్బారాయుడు గారు పోయారు. తల్లి పూర్ణమ్మ గారు, పెదనాన్న వెంకటరత్నం గారు పెంచారు. ఆరోగ్యం మొదట్నుంచీ అంతంత మాత్రమే. బడిలో మాత్రం చురుకు. దయ్యాలున్నాయో లేవో తేల్చుకోవడానికి కుర్రతనంలో అర్ధరాత్రి శ్మశానం వైపు వెళ్లేవారని ఆయన గురించి చెప్పేవాళ్లంతా చెప్తారు. తల్లికి జబ్బు చేస్తే ఎవరో చేతబడి చేశారని ఇంట్లోకి మంత్రగాళ్లు రావడం, ఈయన దాన్ని ఒప్పుకోకపోవడం కూడా ఆ రోజుల సంగతే.

దయ్యాల్ని నమ్మని మనిషి ఫాంటసీ ఎందుకు రాస్తాడు? ఈ డౌట్ నాకు చాలా రోజులుంది. ఇప్పుడనిపిస్తోంది, నమ్మేవాడికి దయ్యం భయం, నమ్మనివాడికి అది పనిముట్టు. విప్పి చూడొచ్చు, తిప్పి బిగించొచ్చు, కావలసిన చోట వాడుకోవచ్చు.

1861లో పెళ్లయింది. ఆయనకి పదమూడేళ్లు. పెళ్లికూతురు బాపమ్మకి పదేళ్లు కూడా నిండలేదు. అత్తగారింటికి వచ్చాక ఆ పిల్ల పేరు రాజ్యలక్ష్మి అయింది. ఊరు మారడంతో పాటు పేరు కూడా మారిపోవడం ఆ కాలంలో మామూలే. ఈ రాజ్యలక్ష్మి గారిని గుర్తుపెట్టుకోండి. టెక్స్ట్‌బుక్ పేరాలో ఈమె పేరు కూడా ఉండదు.

చదువయ్యాక వకీలు పనికి పోయే దారి ఉంది. డబ్బులొచ్చే దారి అది. అబద్ధాలాడాల్సి వస్తుందని వద్దనుకుని బడిపంతులయ్యారు. కోరంగిలో కొన్నాళ్లు, ధవళేశ్వరంలో హెడ్‌మాస్టరుగా కొన్నాళ్లు, తర్వాత రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితుడుగా చాలా ఏళ్లు. ధవళేశ్వరంలో ఉండగానే 1874లో ఆడపిల్లల బడి పెట్టారు, అదే ఏడాది అక్టోబరులో వివేకవర్ధని మొదలుపెట్టారు. మొదట్లో పత్రిక మద్రాసులో అచ్చయ్యేది. ధవళేశ్వరం నుంచి మద్రాసుకి మేటర్ పంపడం, ప్రూఫులు తెప్పించుకోవడం, మళ్లీ పంపడం. అప్పట్లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన కూడా లేదు. ఇలా లాభం లేదని సొంత ప్రెస్సు పెట్టేసుకున్నారు. అంటే పగలు పాఠాలు, మిగిలిన టైంలో పత్రిక రాయడం, దిద్దడం, అచ్చువేయడం. ఇప్పటి మాటల్లో ఫుల్‌టైం జాబ్ పక్కన ఒక స్టార్టప్. అదీ లంచాలు తినే ఉద్యోగుల మీద, కోర్టుల్లో జరిగే అన్యాయాల మీద రాసే స్టార్టప్. శత్రువులు ఊరికే తయారవుతారు.

మొదటి నవల కూడా ఈ పత్రిక పుణ్యమే. 1878లో రాజశేఖర చరిత్రము వివేకవర్ధనిలో భాగాలుగా వచ్చింది, 1880లో పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ చదివి, దాన్ని తెలుగు చేద్దామనుకుని, చివరికి ఆ అస్థిపంజరం మీద గోదావరి జిల్లా ఇంటి కథ ఒకటి కట్టారు. రాగిని బంగారం చేస్తానని మోసం చేసే దొంగ సన్యాసి, ముహూర్తాలు, శకునాలు, అన్నీ ఉంటాయి అందులో. 1887లో లండన్‌లో ఫార్చ్యూన్స్ వీల్ పేరుతో ఇంగ్లిష్‌లో వచ్చింది. ఒక తెలుగు నవలకి పదేళ్లలోపే లండన్ ఎడిషన్. ఇప్పటి వాళ్లకి కూడా అంత తేలిగ్గా దొరకదు.

సీరియల్‌గా రాయడం అంటే ఏంటో మన క్లబ్‌లో కథలు రాసే వాళ్లకి తెలుసు. ఇష్యూ బయటికి పోవాలి, ఎడిటర్ ఆగడు. ఇక్కడ ఎడిటర్ కూడా తనే కాబట్టి ఎక్స్‌టెన్షన్ అడగడానికి మనిషే లేడు. డెడ్‌లైన్ ఆయన చేత రాయించింది అని నా అభిప్రాయం. ఎవరూ అడక్కపోతే ఆ నవల ఎప్పటికో గానీ పూర్తయ్యేది కాదు.

ఇక 1881 దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇల్లు అనే మాటకి ఆయన జీవితంలో అర్థం మారిపోయింది అక్కడే.

అప్పటికి రెండేళ్లుగా వితంతువులకి మళ్లీ పెళ్లి చేయాలని ఉపన్యాసాలిస్తున్నారు, శాస్త్రాల్లోంచి ఆధారాలు చూపిస్తున్నారు. వాదన గెలవడం ఒక ఎత్తు. నిజంగా ఒక పెళ్లి చేయడం ఇంకో ఎత్తు. 1881 డిసెంబరు 11 రాత్రి, రాజమండ్రిలో వీరేశలింగం గారింట్లో గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల పెళ్లి జరిగింది. గౌరమ్మ బాల వితంతువు. ఊళ్లో పెద్ద గొడవ. పోలీసు బందోబస్తు పెట్టాల్సి వచ్చింది. కాలేజీలో ఆయన స్టూడెంట్లు కాపలా కాశారు. అంటే మన వయసు వాళ్లే. సరిగ్గా నాలుగు రోజులకి రెండో పెళ్లి.

పెళ్లికి వెళ్లిన వాళ్లందర్నీ కులం నుంచి వెలివేశారు. చాలామంది భయపడి ప్రాయశ్చిత్తం చేసుకుని వెనక్కి పోయారు. వెలి అంటే ఏదో పేపర్ మీద సస్పెన్షన్ లాంటిది కాదు. పురోహితుడు రాడు. వంటమనిషి రాడు. నీళ్లు మోసేవాళ్లు రారు. చుట్టాలు గడప తొక్కరు. ఇంటినిండా మాత్రం మనుషులు. పెళ్లి కోసం వచ్చిన వాళ్లు, పెళ్లయ్యాక ఎక్కడికి పోవాలో తెలియని జంటలు, ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్లలు.

వంటవాళ్లు మానేస్తే రాజ్యలక్ష్మి గారు వండారు. నీళ్లవాళ్లు మానేస్తే ఆమే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చారు.

ఈ వాక్యాన్ని రాజమండ్రి వాళ్లు చదివితే మామూలుగా దాటిపోతారేమో. మనం అనంతపురం వాళ్లం, దాటలేం. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. పెన్నలో ఇసుక తప్ప నీళ్లు చూసిన రోజులు తక్కువ. మా అవ్వ వాళ్ల ఊళ్లో వేసవిలో ట్యాంకర్ హారన్ వినపడితే ఇళ్లల్లోంచి ప్లాస్టిక్ బిందెలు ముందు పరిగెత్తుతాయి, మనుషులు వెనకాల. ఆ బిందెలు పట్టుకున్న చేతులు ఎవరివో అందరికీ తెలుసు. గోదావరి పక్కనే కదా, నీళ్లకేం కరువు అనిపిస్తుంది. కానీ నీళ్లుండటం వేరు, అవి ఇంటికి చేరడం వేరు. ఏటిగట్టు దిగి, కడవ నింపుకుని, గట్టెక్కి, చూసి మొహం తిప్పుకునే వీధుల్లోంచి నడిచి రావాలి. ఒకసారి కాదు. అంతమందికి వంట, స్నానాలు, గిన్నెలు. లెక్కేసుకోండి.

భర్తను వదిలేసి వచ్చేయమని పుట్టింటి వైపు వాళ్లు ఆమెను బలవంతపెట్టారు. ఆమె కదల్లేదు. అక్కడ ఆమె కదిలి ఉంటే వితంతు వివాహాల ఉద్యమం సంగతి ఏమయ్యేదో గానీ, వీరేశలింగం గారి రాత బల్ల సంగతి మాత్రం నాకు తెలుసు. దాని ముందు కూర్చునే టైం ఆయనకి ఉండేది కాదు.

ఆ తర్వాతి ఏళ్లలో అలాంటి పెళ్లిళ్లు సుమారు 40 చేశారు. వాళ్లకి సొంత పిల్లలు లేరు. కానీ ఆ ఇంట్లో పిల్లలు లేని రోజు లేదు. వచ్చిన వితంతు బాలికలకి అన్నం, బట్ట, చదువు, జ్వరమొస్తే సేవ, రాత్రిపూట ఏడిస్తే ఓదార్పు. ఉద్యమం అని మనం ఒక్క మాటలో రాసేసేది ఆ ఇంట్లో రోజూ పొద్దున పొయ్యి రాజేయడంతో మొదలయ్యేది.

మరి ఈ హడావిడిలోంచి ఫాంటసీ ఎలా వచ్చింది?

1891 నాటికి ఆయనకి నలభై మూడేళ్లు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్తున్నారు. రాజమండ్రిలో టౌన్‌హాల్ కట్టించి అప్పటికి ఏడాది. న్యాపతి సుబ్బారావు గారి చింతామణి పత్రికకి సంపాదకులు. తెలుగులో నవలలు రాయించడానికి ఆ పత్రిక పోటీలు పెడుతోంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి రామచంద్ర విజయం ఆ పోటీల్లోంచి వచ్చిందే. వేరేవాళ్ల నవలలు చదువుతూ, దిద్దుతూ, ఆ సంవత్సరాల్లోనే తనది మొదలుపెట్టారు.

మోడల్ స్విఫ్ట్ రాసిన గలివర్స్ ట్రావెల్స్. 1726 నాటి పుస్తకం. మనం చిన్నప్పుడు నాన్‌డిటైల్‌లో చదివిన గలివర్ అంటే లిల్లీపుట్ల బొమ్మల కథ. అసలుది అలా ఉండదు, ఇంగ్లండ్ రాజకీయాల్ని నిలువునా చీరేసే పుస్తకం. వీరేశలింగం గారికి అందులో పనికొచ్చింది ఆ చీరే పద్ధతి. నేరుగా తిడితే కర్రలు పట్టుకుని ఇంటికొచ్చే జనం, దూరదేశపు వింత అంటే కూర్చుని వింటారు.

మొదటి యాత్ర ఆడుమళయాళానికి. ఈ పేరు ఆయన కనిపెట్టింది కాదు. మలయాళ దేశంలో ఎక్కడో ఆడవాళ్ల రాజ్యం ఉందనీ, అక్కడికి పోయిన మగాడు తిరిగి రాడనీ, మంత్రాలు వేసి కట్టేస్తారనీ మన జనం చెప్పుకునే కథ. ఊళ్లో పాతవాళ్లని అడిగితే ఇప్పటికీ చెప్తారు. అందరికీ తెలిసిన ఆ కథని తీసుకుని ఆయన ఒక్క మార్పు చేశారు. మంత్రం తీసేశారు. దాని బదులు చట్టాలు, ఆచారాలు, శాస్త్రాలు పెట్టారు.

సత్యరాజా అక్కడికి చేరేసరికి కొలువుల్లో ఆడవాళ్లు, ఇళ్లల్లో మగవాళ్లు. భర్తకి భార్యే దైవం. మగవాళ్లకి చదువెందుకు అంటారు. మన దేశంలో ఆడవాళ్ల మీద ఏ కట్టుబాట్లున్నాయో అవన్నీ అక్కడ మగవాళ్ల మీద ఉంటాయి, వాటికి సమర్థనగా అదే ధీమాతో ధర్మశాస్త్రాలూ ఉంటాయి. కోడింగ్ చేసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒకే ఒక్క వేరియబుల్ వాల్యూ తిప్పేసి మిగతా ప్రోగ్రామ్ ఒక్క లైను కూడా మార్చకుండా రన్ చేశారు. అవుట్‌పుట్ చూస్తే ముందు నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా అసలు ప్రోగ్రామే ఇలా ఉందా అని గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

మన కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకి టూర్ వెళ్లినవాళ్లు ఉంటారు. ఐదెకరాలకి దగ్గరగా పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. 1434లో తిమ్మమ్మ భర్తతో సహగమనం చేసిన చోట, చితికి పాతిన గుంజ చిగురించి ఈ చెట్టయిందని స్థలపురాణం. మనం దణ్ణం పెట్టుకుని, సెల్ఫీ తీసుకుని, ఊడలు పట్టుకుని ఊగి వస్తాం. ఈ నవల గురించి తెలిశాక ఆ చెట్టు కింద నిలబడితే ఒక ఆలోచన తప్పించుకోలేం. భార్య పోతే చితి ఎక్కిన మగవాడి పేరు మీద ఇలాంటి చెట్టు ఎక్కడైనా ఉందా? అలాంటి కథ మనకి వింతగా ఎందుకుంటుంది, ఇది మామూలుగా ఎందుకుంటుంది? ఆడుమళయాళం చేసే పని అదే.

రెండో యాత్ర లంకకి. అక్కడి మనుషులు మహాకాయులు, మన సత్యరాజా వాళ్ల ముందు పురుగంత. మొదటి యాత్రలో తిప్పేశారు, రెండో యాత్రలో స్కేల్ పెంచేశారు. అంత పెద్ద ఒళ్లున్న వాళ్ల జ్యోతిషాలు, మూఢనమ్మకాలు కూడా అంతే పెద్దగా కనిపిస్తాయి. నాకైతే మొదటి భాగం అంత పదును దీనికి లేదనిపిస్తుంది. జ్యోతిషం మీద ఆయన ముందే చాలాసార్లు రాసేశారు, ఆ కోపం పాతబడింది. ఆడుమళయాళంలో మాత్రం ఆయన రోజూ కళ్లతో చూస్తున్నది ఉంది.

భాష గురించి ఒక మాట. ఇది గ్రాంథికం. అరసున్నాలు చూస్తే మనలో చాలామందికి ఫాంట్ ప్రాబ్లం అనిపిస్తుంది. మొదటి పది పేజీలు నడక కష్టం. పైకి చదివితే సులువవుతుంది, ఎందుకంటే కింద ఉన్న వాక్యం కబుర్లు చెప్పే మనిషిదే. పద్యాలు, ప్రబంధాలు రాజ్యమేలుతున్న రోజుల్లో వచనానికి ఈ నడక నేర్పినవాళ్లలో ఆయనే ముఖ్యులు.

ఒక అభ్యంతరం కూడా ఉంది, దాచడం ఎందుకు. ఆడవాళ్లు పాలించడం అనేదాన్నే వింతగా, నవ్వులాటగా చూపించారు కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆడపిల్లల చదువు గురించి ఆయన రాసినవి చూస్తే, చదువుకున్న ఆడది మంచి భార్య, మంచి తల్లి అవుతుందనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. ఆమె ఆఫీసరు అవుతుందనే ఊహ ఆయనకి నవలలో వచ్చింది గానీ వ్యాసాల్లో అంతగా రాలేదు. నా మటుకు నాకు ఇదే ఆ నవలలో అసలు విషయం. సంస్కర్త వెళ్లలేని చోటికి ఫాంటసీ రాసే మనిషి వెళ్లాడు. వెళ్లి, చూసి, నవ్వి, తిరిగొచ్చేశాడు.

తిరిగొచ్చిన ఇంట్లో ఏముంది? కడవ ఎత్తుకున్న రాజ్యలక్ష్మి గారు.

ఉద్యోగం, కుటుంబం, రాత, ఈ మూడిటినీ బ్యాలెన్స్ చేయడం అని మనం మాట్లాడుకుంటాం కదా. తక్కెడలో మూడు రాళ్లు పెట్టి సమానంగా తూచినట్టు. ఆయన జీవితం చూస్తే అలా తూగలేదు. ఉద్యోగం ఆయన చేశారు, రాత ఆయన రాశారు, కుటుంబం అనే బరువులో ఎక్కువ భాగం ఇంకొకరు మోశారు. అది చిన్న కుటుంబం కూడా కాదు, ఆయన ఆశయాల వల్ల ఇరవై మంది, ముప్ఫై మంది అయిపోగల కుటుంబం. అన్యాయం చేయాలని చేసింది కాదు. తన స్వీయచరిత్రలో ఆమె కష్టాన్ని ఆయన ఒప్పుకుంటారు కూడా. కానీ ఆమె రాసిన నవల లేదు. ఆమెకి ఆడుమళయాళం కథ చెప్పమంటే ఎలా చెప్పేదో మనకి దొరకదు.

ఇది ఒక్క రాజమండ్రి కథ కాదు. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు, నలుగురు పిల్లలు, డబ్బుల కోసం ఎండాకాలం సెలవుల్లో పరీక్ష పేపర్లు దిద్దేవాడు. అలా దిద్దుతుండగా ఎవరో ఖాళీగా వదిలేసిన పేజీ మీద హాబిట్ మొదటి వాక్యం రాశాడు. 1937లో అది అచ్చయింది. తర్వాతి పుస్తకానికి ఇంకో పదిహేడేళ్లు పట్టింది. ఆ ఖాళీ పేజీ కథ అందరికీ తెలుసు. ఆ సమయానికి పిల్లలకి అన్నం ఎవరు పెడుతున్నారు అనేది ఎవరూ అడగరు. ఆవిడ పేరు ఎడిత్. పెళ్లికి ముందు మంచి పియానో వాద్యగత్తె.

అలాగని వీరేశలింగం గారు ఇంటి నుంచి తప్పించుకుని బల్ల దగ్గరికి పారిపోయారనుకోవద్దు. ఆయన రాసిందంతా ఇంట్లోకి వచ్చిన బాధల్లోంచే వచ్చింది. గుండు చేయించుకున్న పన్నెండేళ్ల పిల్ల వాకిట్లో నిలబడి ఉంటే, మగవాళ్లకి ఇలా జరిగే దేశం ఎలా ఉంటుందో అనే ఊహ రావడానికి వేరే స్ఫూర్తి అక్కర్లేదు. ఇల్లు ఆయన రాతకి అడ్డం కాలేదు, ముడిసరుకు అయింది. టైం దొరకట్లేదు అని నేను అనుకున్నప్పుడల్లా ఈ మాట నన్ను కాస్త ఇబ్బంది పెడుతుంది. ఎందుకంటే నాకు టైం దొరుకుతోంది. హాస్టల్లో అన్నం ఎవరో వండుతున్నారు, ఇంటికి పోతే అమ్మ వండుతోంది.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1893లో రావుబహద్దూర్ బిరుదు వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో మద్రాసు వెళ్లారు, ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడుగా కొన్నేళ్లు పనిచేశారు. కవుల చరిత్ర, ప్రహసనాలు, నాటకాలు, సైన్స్ పుస్తకాలు, ఆడవాళ్ల కోసం పుస్తకాలు, ఆగకుండా రాశారు. మళ్లీ రాజమండ్రి వచ్చి 1906లో హితకారిణీ సమాజం పెట్టి, తన ఆస్తినంతా దానికి రాసిచ్చేశారు. ఆ సంతకం వెనకాల కూడా రాజ్యలక్ష్మి గారి ఒప్పుకోలు ఉండే ఉంటుంది. ముసలితనానికి ఏమీ మిగుల్చుకోకుండా ఇచ్చేయడం ఒక్కరి నిర్ణయంతో అయ్యే పని కాదు.

1910 ఆగస్టులో ఆమె చనిపోయారు. నలభై తొమ్మిదేళ్ల కాపురం. ఆ తర్వాత ఆయన తొమ్మిదేళ్లు బతికారు. ఒంట్లో ఓపిక లేకపోయినా పని మానలేదు. తన కవుల చరిత్రని తిరగరాసుకుంటూ, స్వీయచరిత్ర పూర్తిచేసుకుంటూ గడిపారు. 1919 మే 27న మద్రాసులో, కొమర్రాజు లక్ష్మణరావు గారింట్లో కన్నుమూశారు.

గలివర్ నాలుగు యాత్రలు చేశాడు. సత్యరాజా రెండే చేశాడు. లంక నుంచి వచ్చాక మళ్లీ ఓడెక్కలేదు, వీరేశలింగం గారు ఇంకో నవల కూడా రాయలేదు.